పెద్ద ఫ్యాను వేషం

మణెమ్మ పెద్దమ్మను సోమవారం పొద్దున ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆపేశారనీ, ఆ కోపంలో నేను షెడ్డంతా చూస్తుండగా నరేష్ మీద విరుచుకుపడ్డాననీ కిందటిసారి చెప్పి ఆగాను. తర్వాత రెండు రోజులు గడిచాయి. నా కోపం చల్లారలేదు సరికదా, బుధవారానికి ఇంకా ముదిరింది. ఎందుకో తెలియాలంటే మా షెడ్డులో నవ్వులు ఎలా మొదలయ్యాయో ఒకసారి మళ్ళీ చెప్పాలి.

నేను రెబెకాను. మార్కాపురం పొలిమేరలో ఒక పలకల ఫ్యాక్టరీలో హెచ్.ఆర్. అసిస్టెంటుని. గనుల నుంచి వచ్చిన రాయిని మా షెడ్డులో మిషన్ల మీద కోసి, పొరలుగా చీల్చి, అంచులు కొట్టి, చెక్కపెట్టెల్లో సర్ది దూరదేశాలకు పంపుతారు. కోసేచోట లేచే దుమ్ము మనిషి కనురెప్పల మీద కూడా పేరుకుంటుంది. నేను చేరిన కొత్తలో ఆఫీసుకూ షెడ్డుకూ మధ్య మాటలే లేవు. నేను లోపలికి అడుగుపెడితే చాలు, అప్పటిదాకా వినిపించిన కబుర్లు ఠక్కున ఆగిపోయేవి. నేను వెళ్ళిపోయాక మళ్ళీ మొదలయ్యేవి. కూలి చేసుకునే ఇంట్లో పుట్టి, కూలి మనుషులకే పరాయిదాన్నయ్యాను.

అప్పుడు మా మేనేజరు విజయ్ కుమార్ హైదరాబాదు నుంచి ఒక ట్రైనరును పిలిపించాడు. నవ్వుతూ పనిచేస్తే మనుషులు దగ్గరవుతారు, అప్పటికప్పుడు అల్లుకునే ఆటలు నేర్పుతాను అని ఆయన అందర్నీ గుండ్రంగా నిలబెట్టాడు. గాల్లోకి చెయ్యి విసిరి, బంతి పట్టుకోండి అన్నాడు. అంచులు కొట్టే ఆదిలక్ష్మమ్మ అటూ ఇటూ చూసి, "బంతి ఏది నాయనా?" అని అడిగింది. ఉందనుకోవాలమ్మా అన్నాడాయన. "కూలి కూడా అట్లనే ఉందనుకోవాల్నా?" అంది ఆదిలక్ష్మమ్మ. ఆయన మధ్యాహ్నం భోంచేసి బస్సెక్కాడు.

నాకు మా కొనకనమిట్ల చేలు గుర్తొచ్చాయి. కందిలో కలుపు తీసేటప్పుడు మా అమ్మావాళ్ళు 'అందుకో' ఆడేవాళ్ళు. ఒకామె భుజం మీది తువ్వాలు తీసి ఇంకొకామె మీదికి విసిరి, "అందుకో, నువ్వు మా అత్తవి" అంటుంది. తువ్వాలు పడిన మనిషి ఆ క్షణం నుంచి అత్తే. కాదనకూడదు. మాట తడబడినా పరవాలేదు గాని నోరు మూసుకోకూడదు. కాదన్న మనిషి సాలు వదిలిపోయి అందరికీ నీళ్ళ బిందె మోసుకురావాలి. ఎండలో ఆ బిందె మొయ్యడం ఇష్టం లేక, మూగమొద్దులు కూడా అత్తలయ్యేవాళ్ళు, కరణాలయ్యేవాళ్ళు, పోలీసులయ్యేవాళ్ళు. మణెమ్మ పెద్దమ్మ మా పల్లె మనిషే. మా అమ్మ పక్క సాల్లో వంగిన మనిషి. ఆ ఆటలో ఆమెను మించినవాళ్ళను నేను చూడలేదు.

టీ తర్వాత పది నిమిషాలు అడిగి తీసుకుని, షెడ్డులో 'అందుకో' మొదలుపెట్టాను. మూడు నెలలు తిరిగేసరికి నేను వస్తే కబుర్లు ఆగడం పోయి, "ఇట్ల రా పాపా, కూర్చో" అనేదాకా వచ్చింది. ఎవరి కొడుకు చదువు మానేశాడో, ఎవరికి నడుం నొప్పో నాకు చెప్పుకునేవాళ్ళు. నేను చెయ్యగలిగింది చేసేదాన్ని. బతుకులో మొదటిసారి నా ఉద్యోగం మీద నాకు ప్రేమ పుట్టింది.

కిందటి గురువారం, పెట్టెలు సర్దే పద్మమ్మ తువ్వాలు తీసి మణెమ్మ పెద్దమ్మ మీదికి విసిరి, "అందుకో, నువ్వు పెద్ద ఫ్యానువి" అంది. పెద్ద ఫ్యాను అంటే దుమ్మును బయటికి లాగే మిషను; పెద్దోళ్ళ కారొచ్చినప్పుడే దాన్ని వేస్తారు. మణెమ్మ పెద్దమ్మ వెంటనే కింద కూలబడి, కొంగు ముఖం మీద కప్పుకుని గురక పెట్టింది. "ఎవర్రా అది? లేపొద్దు. వాళ్ళు ఎంత దగ్గినా నేను లెయ్యను." మళ్ళీ గురక. పద్మమ్మ గేటు దిక్కు చూసి, "కారొస్తాంది" అంది. అంతే, పెద్దమ్మ చెంగున లేచి నిలబడి, రెండు చేతులూ గిరగిరా తిప్పుతూ రొద పెట్టింది. "అయ్యా, దండం. పొద్దున్నుంచీ తిరగతానే ఉండా, చూడండి నా చెమట." కారు పోయిందనగానే మళ్ళీ కొంగు కప్పుకుంది. ఆడా మగా పొట్టలు పట్టుకుని నవ్వారు. నేను కూడా కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాను.

సోమవారం ఆమెను గేటు దగ్గర ఆపేశారు. పది రోజులు ఇంటి పట్టున ఉండు, తర్వాత చూద్దాం అన్నారు.

ఎవరో వీడియో తీసి ఆఫీసుకు పంపారని షెడ్డంతా గుప్పుమంది. తీస్తే ఎవరు తీస్తారు? నరేష్. కోత మిషను మీద పనిచేసే వెలిగండ్ల మనిషి. ముప్పయ్యేళ్ళుంటాయి, ఫోను చెయ్యి దిగదు, టీ గ్లాసును కూడా ఫొటో తీసి స్టేటస్ పెట్టుకుంటాడు. నేను అందరి ముందూ అతన్ని నిలదీశాను. "ఒక ముసలామె కూడు తీసి నువ్వేం బావుకున్నావు" అన్నాను. అతను "అక్కా, నేను కాదు" అన్నాడు. అంతకంటే మాట్లాడలేదు. నేను వినలేదు. ఆ రోజు నుంచి షెడ్డులో ఎవరూ అతనితో పలకలేదు. టీ టైములో ఒక్కడే రోడ్డవతల నిలబడి తాగుతున్నాడు.

ఇదీ బుధవారం పొద్దుటికి సంగతి.

పదకొండు గంటలకు నేను విజయ్ కుమార్ క్యాబిన్లోకి వెళ్ళాను. తలుపు తట్టలేదు. ఆయన గిద్దలూరు మనిషి, కంఠం పెంచి మాట్లాడడు. టేబుల్ మీద అద్దం కింద ఒక వాక్యం రాసి పెట్టుకున్నాడు, కంపెనీ ఒక కుటుంబం అని.

"వీడియో నాకు చూపించండి సార్" అన్నాను.

"ఏ వీడియో అమ్మా?"

"మణెమ్మ గారిది. నరేష్ పంపింది. ఆటలో అన్న మాటకు మనిషిని గేటు బయట నిలబెడతారా? ఆడమని చెప్పింది మనమే కదా. రేపు మీరు నవ్వమని బతిమాలినా ఎవరు నవ్వుతారు?"

నా మాటలు ఆయనకు ఆశ్చర్యంగా ఉన్నట్టున్నాయి. "వీడియో ఎక్కడిది రెబెకా? నాకెవరూ వీడియో పంపలేదే" అంటూ కుర్చీలో వెనక్కి తిరిగి అల్మరా తెరిచాడు. పైన ఉన్న ఫైలు లాగుతుంటే దాని మీది నీలం అట్ట ఫైలు జారి కిందపడి, కాగితాలు బయటికొచ్చాయి. నేను తీద్దామని వంగాను. ఆయన నాకంటే ముందే వంగి గబగబా ఎత్తుకుని లోపల పెట్టేశాడు. నేనున్న కోపంలో ఆ ఫైలు సంగతి పట్టించుకోలేదు. పట్టించుకోలేదనే అనుకున్నాను.

తర్వాత ఆయన నా ముందు ఒక కాగితం పెట్టాడు. "ఇది నువ్వు రాసిందే కదమ్మా."

అది నేను ప్రతి శుక్రవారం పంపే రిపోర్టు. సిబ్బందిలో కలుపుగోలుతనం ఎలా పెరుగుతోందో రాసి పంపమన్నారు, రాసి పంపుతున్నాను. ఆ వారం ఒకటిన్నర పేజీ రాశాను. గురక పెట్టడం రాశాను. 'కారొస్తాంది' రాశాను. 'పొద్దున్నుంచీ తిరగతానే ఉండా' అన్నది ఉన్నదున్నట్టు కొటేషన్లలో పెట్టి, ఎవరి మాటో తెలియకుండా పోతుందేమోనని పక్కన పేరు రాసి, పేరు కింద గీత కూడా గీశాను. ఆమె చమత్కారం పైవాళ్ళకు తెలియాలని నా తాపత్రయం. శుక్రవారం సాయంత్రం ఆయన దగ్గర నుంచి 'గుడ్ వర్క్' అని జవాబొస్తే మా అమ్మకు ఫోన్ చేసి చెప్పుకున్నాను.

కుర్చీలో కూర్చోమని ఆయన అనకముందే కూర్చున్నాను.

"నేను ఎవర్నీ తీసెయ్యలేదమ్మా" అన్నాడు ఆయన మెల్లగా. "రేపు చెన్నై నుంచి కొనుగోలుదార్ల తరఫున తనిఖీకి వస్తున్నారు. ఈ మాటలు బయటికి పోతే ఆర్డర్లు పోతాయి. ఆర్డర్లు పోతే అందరి పనీ పోతుంది. ఈ కాగితం మీద ఆమె చేత సంతకం పెట్టించుకురా. సాయంత్రం అయిదు లోపల. రేపు పొద్దున మామూలుగా పనికి రమ్మను. వచ్చినవాళ్ళ ముందు ఆట కూడా ఆడండి, వాళ్ళు సంతోషిస్తారు. పెట్టకపోతే ఇక నేనేమీ చెయ్యలేను."

కాగితం మీద నాలుగు వాక్యాలున్నాయి. నేను ఆ రోజు అన్నది నవ్వించడానికి మాత్రమే. దుమ్ము లాగే ఫ్యాను ఎల్లప్పుడూ నడుస్తుంది. దుమ్ము వల్ల నా ఆరోగ్యానికి ఏ ఇబ్బందీ లేదు. ఈ విషయమై ఇకముందు ఎటువంటి ఫిర్యాదూ చేయను.

"నరేష్‌కేమన్నా చెప్పమంటారా సార్?" అని అడిగాను.

"నరేష్‌కేంటి సంబంధం?" అన్నాడు.

నిజమే. ఏ సంబంధమూ లేదు.

నాలుగు గంటల టీకి ఆడవాళ్ళందరూ గేటు బయట ఆదెయ్య టీ బంకు దగ్గరికి వెళతారు. పెద్దమ్మను పనికి రానివ్వకపోయినా సోమవారం నుంచి రోజూ పని టైముకే వచ్చి, ఆ బంకు పట్టా నీడలో బల్ల మీద కూర్చుంటోంది. ఒళ్ళో అన్నం క్యారియరు, మెళ్ళో ఫ్యాక్టరీ కార్డు. "ఇంట్లో కూర్చుంటే తీసేసినట్టు. ఇక్కడ కూర్చుంటే లేటయినట్టు" అంటుందట అడిగినవాళ్ళతో.

నేను వెళ్ళి అందరి మధ్య నిలబడ్డాను. అటూ ఇటూ తిప్పి చెబితే నా నోరు మళ్ళీ లేవదని భయమేసింది.

"వీడియో ఎవరూ తియ్యలేదు. నరేష్ తియ్యలేదు. నేనే రాసిచ్చినా. రిపోర్టులో. పేరుతో సహా" అన్నాను.

పద్మమ్మ తన చేతిలో గ్లాసు వంచి, టీ మొత్తం నా కాళ్ళ ముందు మట్టిలో పోసింది.

"మూడు నెల్ల నుంచి నువ్వు మాతో ఆడుకుంటన్నావనుకున్నాం" అంది. "డూటీ చేస్తన్నావా?"

"అట్ల కాదు పద్మక్కా..."

"ఎట్లయితే ఏంది? నవ్విస్తా నవ్విస్తా మా నోట్లో మాట గుంజుకుని పోయి, ఆయన టేబుల్ మీద పెట్టినావు. మా ఆయన తాగుడు సంగతి కూడా నీకు చెప్పినా. అది కూడా రాసినావా?"

"రాయలేదు. ఒట్టు."

"నీ ఒట్టు ఎవరిక్కావాలి?"

ఆదిలక్ష్మమ్మ నా ముఖం కూడా చూడలేదు. పక్కామెతో చెప్పినట్టు చెప్పింది. "ఆ హైదరాబాదు ఆయనే నయం మే. లేని బంతి విసిరినాడు. ఈమె రాయి విసిరింది."

నాకు ఉక్రోషం వచ్చింది. తప్పు నాదే అయినప్పుడు వచ్చే ఉక్రోషం మహా చెడ్డది. "నేనేమన్నా కావాలని చేసినానా? పెద్దమ్మ తెలివి పదిమందికీ తెలియాలని రాసినా. అది తప్పా?" అని అరిచాను.

"కావాలని చేసుంటే ఈపాటికి చెప్పు తీసుకుని ఉందును" అంది మణెమ్మ పెద్దమ్మ. "అరవబాక. ఆ చేతిలో కాగితమేంది?"

ఇచ్చాను. పెద్దమ్మకు చదువు బైబిలు వరకే. చూపుడు వేలు ఒక్కో అక్షరం కింద పెట్టుకుంటూ, చర్చిలో వాక్యం చదివినట్టే నిదానంగా పైకి చదివింది. మూడో వాక్యం దగ్గర దగ్గొచ్చింది. క్యారియరు పక్కన పెట్టి, గుండె పట్టుకుని, దగ్గడం అయిపోయేదాకా ఆగింది. తర్వాత ఆ వాక్యాన్ని మళ్ళీ మొదటి నుంచి చదివింది. అయిదు లోపల సంతకం పెట్టకపోతే పని పోతుందని నేను చెప్పాను. అందరూ ఆమె ముఖం చూస్తున్నారు.

ఆమె భుజం మీది తువ్వాలు తీసి నా మీదికి విసిరింది.

"అందుకో."

"పెద్దమ్మా, ఇప్పుడు ఆటేంది?"

"అందుకో అన్నా. నువ్వు మేనేజరువి. నేను మణెమ్మని. నా చేత సంతకం పెట్టించు."

తువ్వాలు నా చేతిలో ఉంది. నేను అక్కడి నుంచి పారిపోవచ్చు. పోతే మళ్ళీ ఆ ఆడవాళ్ళ మధ్యకు రాలేను. బల్ల చివర కూర్చుని, కాలు మీద కాలు వేసుకుని, గొంతు తగ్గించాను.

"రామ్మా మణెమ్మా, కూర్చో. టీ తాగుతావా?"

ఎవరో కిసుక్కుమన్నారు. నడుం, మెడ, వేళ్ళు, అన్నీ విజయ్ కుమార్‌వే. అంత సులువుగా వచ్చేసినందుకు నాకు సిగ్గేసింది.

"తాగినా సార్" అంది పెద్దమ్మ, చేతులు కట్టుకుని. "సంతకం ఎందుకు సార్?"

"ఊరికే అమ్మా. మామూలు కాగితం."

"ఊరికే అయితే మీరే పెట్టుకోండి సార్."

"పైవాళ్ళు అడుగుతారమ్మా. ఆర్డర్లు పోతే అందరి పనీ పోతుంది. కంపెనీ ఒక కుటుంబం కదా."

"ఓహో. కుటుంబంలో ఇట్లనే సంతకాలు తీసుకుంటారా సార్? మా ఆయన నన్ను ఎన్నడూ అడగలేదే." నవ్వు వినపడింది. పెద్దమ్మ నవ్వలేదు. "ఆటలో మాటకు సంతకమేంది సార్? పోయిన నెల ఆదిలక్ష్మి మహారాణి అయింది. దానికి కోట కట్టించినారా?"

"ఆటలో అన్నా, బయటివాళ్ళు నిజమనుకుంటారు. అందుకని."

"సరే సార్. ఫ్యాను ఎప్పుడూ తిరగతానే ఉందని రాసినారు. పెడతా. కూటి కోసం అబద్ధమాడినా, దేవుడు చూసీ చూడనట్టు పోతాడు." ఆమె కాగితం ఎత్తి మూడో వాక్యం మీద వేలు పెట్టింది. "ఇదేంది సార్? దుమ్ము వల్ల నాకు ఇబ్బంది లేదంట. నేను ఫ్యాను వేషం వేసినా. ఫ్యాను నిద్రపోయిందని చెప్పినా. నా ఒంట్లో బాగలేదని నేను ఎప్పుడు చెప్పినా సార్? మీకు గాని, ఈ పిల్లకు గాని, ఎవరికన్నా చెప్పినానా? చెప్పని మాటను చెప్పలేదని రాయించుకునేది ఎందుకు?"

నిజమే. రిపోర్టులో ఎక్కడా ఆమె ఆరోగ్యం మాట లేదు. నేను కాగితాన్ని క్యాబిన్లో రెండుసార్లు చదివాను, నాకు తట్టలేదు. ఆమె వేలు పెట్టి చదివి పట్టుకుంది. అందరూ నా జవాబు కోసం చూస్తున్నారు. ఆటలో నోరు మూసుకోకూడదు. నా నోట్లో నుంచి విజయ్ కుమార్ గొంతే మెత్తగా బయటికొచ్చింది.

"నీ ఎక్స్‌రే సంగతి మాకు తెలుసు కదమ్మా."

ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అర్థం కాలేదు. అర్థమయ్యేలోపలే పెద్దమ్మ అడిగింది.

"ఏ ఎక్స్‌రే సార్? ఎండాకాలంలో బస్సు తెచ్చి తీయించినారే, అదా? అందరికీ బాగుందని మైకులో చెప్పినారే?"

"బాగలేదని చెబితే తెల్లారి పనికి ఎవరొస్తారమ్మా?"

అన్నాను. నా చెవులతో నేనే విన్నాను. అప్పుడు క్యాబిన్లో కిందపడిన నీలం ఫైలు నా కళ్ళ ముందుకొచ్చింది. అట్ట మీద ఎండాకాలపు క్యాంపు పేరు. జారిన కాగితం మీద వరసగా పేర్లు, ప్రతి పేరుకూ ఎదురుగా ఎక్స్‌రే నంబరు, ఎనిమిదింటి చుట్టూ ఎర్ర సిరా. ఆయన ఎత్తుకునేలోపల నా కళ్ళు ఆ ఎనిమిదీ చదివేశాయి. చూశానని నేనే ఒప్పుకోలేదు, నా కోపం నాకు ముఖ్యమైపోయి.

తువ్వాలు కింద పడేశాను. "ఇది ఆట కాదు పెద్దమ్మా. నేను చూసినా. లిస్టు ఉంది. ఎనిమిది పేర్లకు ఎర్రగా గుండ్రాలు చుట్టి ఉన్నాయి. నీ పేరు నాలుగోది."

పద్మమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. మణెమ్మ పెద్దమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఆమె క్యారియరు మూత గట్టిగా నొక్కి, మళ్ళీ తీసి, మళ్ళీ నొక్కింది.

"ఎండాకాలం పోయి ఎన్ని నెలలాయె మే?" అని అడిగింది ఆదిలక్ష్మమ్మను.

"ఆరు నెలలు దాటింది."

"ఆరు నెలలు." ఆమె క్యారియరు పక్కకు జరిపింది. "ఆరు నెలలు వాళ్ళకు తెలుసు. తెలిసీ ఆ మేనేజరు నన్ను పొద్దున్నే గుడ్ మార్నింగ్ మణెమ్మా అని పలకరించినాడు. నేను కూడా నవ్వినా ఆయన్ను చూసి. రోజూ నవ్వినా. తెలిసిన మనిషిని చూసి తెలియక నవ్వినా." కాగితం తిరగేసి నా ముందు బల్ల మీద పరిచింది. "సంతకం చోటు వదిలెయ్. ఈ వెనక రాయి. ఎనిమిది పేర్లూ రాయి. ఒక్కటి తప్పినా ఊరుకోను."

జేబులో నుంచి పెన్ను తీశాను. రాయడం మొదలుపెట్టాను. అక్కడ ఎనిమిదో తరగతి పాసయింది పద్మమ్మే. నా భుజం మీదుగా వంగి, నేను రాస్తుంటే పైకి చదివింది.

"దేవదానం." లోడింగు మనిషి. ఆ పూట లారీతో పోయాడు.

"కృపాకర్." ఆయాసమని వానాకాలంలో పని మానేసి ఇంటికాడ పడుకున్నాడు. వయసు మీద పడింది, తప్పదు అన్నారు అప్పుడు ఆఫీసులో. నేను కూడా ఆ మాటే నమ్మి అతని చివరి కాగితాల మీద సంతకం తీసుకున్నాను.

"మణెమ్మ."

"ఏసురత్నం."

"ఆదిలక్ష్మమ్మ." పద్మమ్మ గొంతు అక్కడ ఆగిపోయింది. ఆదిలక్ష్మమ్మ గ్లాసు బల్ల మీద పెట్టి, "చదువు మే, ఆపినావేంది" అంది. ఆ తర్వాతి రెండు పేర్లూ పద్మమ్మ గుసగుసగా చదివింది. ఇద్దరూ షెడ్డులో ఈ పక్కవాళ్ళు కారు, రాత్రి షిఫ్టు వాళ్ళు.

పద్మమ్మ కాగితం మీదికి ఇంకా దగ్గరగా వంగింది. "ఎనిమిది అన్నావు. ఏడే ఉన్నాయే. రెండు నుంచి వేసినావేంది? ఒకటో నంబరు ఎవురు?"

నేను తల ఎత్తలేదు. రోడ్డు దాటి ఎవరో వస్తున్న చెప్పుల చప్పుడు వినిపించింది.

"అక్కా" అన్నాడు నరేష్. మాస్కు గడ్డం కిందికి లాగి ఉంది. కనురెప్పల మీద దుమ్ము అలాగే ఉంది. చేతిలో ఫోను లాక్ తీసి మా వైపు చాపాడు. "మొత్తం చూసుకోండి. నేను ఏం తియ్యలేదు. మా పాప వీడియోలు తప్ప దీంట్లో ఇంకేం లేవు. రెండు రోజుల నుంచి చూపిద్దామనుకుంటన్నా, మీరెవ్వరూ పలకలేదు." అంటూనే తల పక్కకు తిప్పి దగ్గాడు. అలవాటైన దగ్గు. మూడు నెలలుగా వింటున్నాను, కోత మిషను దగ్గర నిలబడేవాళ్ళందరూ అలాగే దగ్గుతారు కదా అనుకున్నాను.

"చూడబల్లేదు నాయనా" అంది మణెమ్మ పెద్దమ్మ, నా ముఖం వైపే చూస్తూ. ఆమెకు అర్థమైపోయింది. "నీ తప్పేం లేదని తెలిసింది. ఇట్ల వచ్చి కూర్చో."

ఆ మాటకు నరేష్ ముఖం విప్పారింది. బల్ల మీద నా పక్కనే కూర్చున్నాడు. ఎవరూ కదలకపోవడం, అందరూ తననే చూడటం అతనికి ఇంకోలా అర్థమైనట్టుంది. పద్మమ్మ చివరగా అన్న మాట వచ్చేటప్పుడు విన్నాడు.

"ఏంది, నేను లేకుండానే ఆట మొదలుపెట్టినారా?" అన్నాడు. కింద పడి ఉన్న తువ్వాలు వంగి తీసి, మట్టి దులిపాడు. "అయితే నా వంతు. అందుకో రెబెకక్కా. చెప్పు, ఒకటో నంబరు ఎవురు?"

సోమవారం తర్వాత అతను నవ్వడం అదే మొదలు. తువ్వాలు వచ్చి నా ఒళ్ళో పడింది.